మంచు ఎక్కువ పడే ఊరు ప్రమాదమా, తక్కువ పడే ఊరు ప్రమాదమా?

ప్రశ్న: "మా అబ్బాయికి ఎమ్మెస్‌కి బఫెలోలోనూ డాలస్‌లోనూ సీటు వచ్చింది. బఫెలోలో మనిషెత్తు మంచు పడే వీడియోలు చూసి మా ఆవిడకి నిద్ర పట్టట్లేదు. డాలస్ అయితే ఈ గోల ఉండదు కదా? అసలు అంత మంచు పడే చోట్ల జనం ఎలా బతుకుతారు? జాకెట్లు, బూట్లు ఇక్కడే కొని పంపాలా?"

మంచు ఒక్కటే అభ్యంతరమైతే బఫెలోని వదులుకోకండి. నన్నడిగితే, చలికాలం వరకూ చూసుకుంటే డాలస్ మీదే నాకు ఎక్కువ అనుమానం. ఎందుకో చెప్తాను. జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను పనిచేసేది న్యూయార్క్ రాష్ట్రంలోనే, ఎరీ సరస్సుకి దగ్గర్లో ఉన్న ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్ల విభాగంలో. చలికాలం వస్తే ఏ రూటుకి ఏ ట్రక్కు వెళ్లాలి, ఎంత ఉప్పు పడాలి, రాత్రి షిఫ్టుకి ఎవరు రావాలి, ఇవన్నీ చూసేవాళ్లలో నేనొకణ్ని. అంతకుముందు, కుర్రతనంలో, హిమాచల్‌లో రోడ్డు పనుల మీద ఉండేవాణ్ని. మనిషెత్తు మంచు చూడ్డానికి భయంగానే ఉంటుంది. కానీ ప్రాణాల మీదకి తెచ్చేవి ఎక్కువగా వేరే ఉన్నాయి: విపరీతమైన చలి, గాలి, కరెంటు పోవడం, ఆ ఊరికి అలవాటు లేకపోవడం. ఇవన్నీ ఒకచోట కలిస్తే నాలుగంగుళాల మంచు కూడా చాలు.

డాలస్ సంగతే ముందు చూద్దాం. 2021 ఫిబ్రవరిలో అక్కడ పడింది ఆ నాలుగైదు అంగుళాలే. బఫెలోలో అంత పడితే స్కూలుకి సెలవు కూడా ఇవ్వరు. కానీ డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయి, రోజుల తరబడి సున్నాకి కిందే ఉండిపోయింది. జనమంతా ఒకేసారి హీటర్లు వేశారు. టెక్సస్‌లో చాలా ఇళ్లకి కరెంటుతోనే వేడి. మరోపక్క గ్యాస్ బావుల దగ్గర నీరు గడ్డకట్టి, పైపుల్లో ఒత్తిడి తగ్గి, గ్యాస్‌తో నడిచే పవర్ ప్లాంట్లు ఆగాయి. లోడు తగ్గించడానికి కొన్ని లైన్లు తీసేస్తే, ఆ లైన్ల మీదే గ్యాస్‌ని ముందుకు తోసే కంప్రెసర్లు కొన్ని ఉన్నాయి. అవి ఆగాక గ్యాస్ ఇంకా తగ్గింది. టెక్సస్ గ్రిడ్‌కి దేశంలోని మిగతా రెండు పెద్ద గ్రిడ్లతో సంబంధం అంతంతమాత్రం, పక్క రాష్ట్రాల నుంచి పెద్దగా తెచ్చుకునే దారీ లేదు. గ్రిడ్ మొత్తం కుప్పకూలే ప్రమాదానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరం దాకా వెళ్లామని దాన్ని నడిపే ఎర్కాట్ సంస్థే తర్వాత చెప్పింది. 45 లక్షల ఇళ్లకి, షాపులకి కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

ఇళ్ల లోపల ఏం జరిగిందో చెప్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్ శివార్లలో, ఫ్రిస్కో పక్కన ఉంటాడు. ఆ ప్రాంతంలో నీళ్ల పైపులు చాలా ఇళ్లలో అటక మీదుగా, బయటి గోడల్లోంచి వెళ్తాయి. ఎండలకి కట్టిన ఇళ్లు అవి. పైపులో నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, పైపు చీలుతుంది, కానీ అప్పుడు ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ ఐసే చీలికకి బిరడాలా ఉంటుంది. కరెంటొచ్చి, ఇల్లు కాస్త వెచ్చబడి, హమ్మయ్య అనుకునే సమయానికి హాల్లో సీలింగు మీద పళ్లెమంత తడి మచ్చ కనపడింది. కాసేపటికి అది బొద్దుగా ఉబ్బి, జిప్సం పలకతో సహా ఊడి సోఫా మీద పడింది. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫోన్ టార్చి వేసుకుని వెతికి అది కట్టేసరికి కార్పెట్ మీద చీలమండ లోతు నీళ్లు. ఆ వారం హ్యూస్టన్, డాలస్ చుట్టుపక్కల బొగ్గుల పొయ్యిలు ఇంట్లో పెట్టుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని వెచ్చదనం కోసం కూర్చున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌తో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు పోయారు. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు.

1989లో, 2011లో కూడా టెక్సస్‌కి ఇలాంటి దెబ్బలే తగిలాయి. 2011 తర్వాత కేంద్ర సంస్థలు విచారణ జరిపి, ప్లాంట్లకి, గ్యాస్ బావులకి చలి రక్షణ పెట్టుకోమని రాశాయి. సూచనే తప్ప నిర్బంధం కాదు కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. 2021 దెబ్బ తర్వాతే చట్టం చేశారు. ఇప్పుడు పరిస్థితి మెరుగే. అయినా ఇళ్లు అవే, అటక మీద పైపులూ అవే.

అట్లాంటాది ఇంకో రకం. 2014 జనవరి 28న అక్కడ పడింది రెండు మూడు అంగుళాల లోపు. మంచు మొదలవగానే ఆఫీసులు, స్కూళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ దాదాపు ఒకే సమయంలో వదిలేశాయి. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. టైర్ల కింద నలిగిన మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి అద్దంలా అయింది. ఉప్పు చల్లే ట్రక్కులు ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. పిల్లలు రాత్రంతా స్కూళ్లలో, కొందరు స్కూలు బస్సుల్లో పడుకున్నారు. హైవే మీద కార్లోనే ఒకావిడ ప్రసవించింది. అమెరికా ఉత్తరాది వాళ్లు టీవీలో చూసి నవ్వుకున్నారు. నాకైతే నవ్వు రాలేదు. కోనసీమ పల్లెల్లో రాత్రంతా దంచికొట్టినా తెల్లారేసరికి కాలువల్లోకి లాగేసే వాన, హైదరాబాద్‌లో ఒక్క గంట పడితే పంజాగుట్టలో కార్లు తేలతాయి. ఇదీ అంతే. ఎప్పుడో ఒకసారి పడే మంచు కోసం వందల ట్రక్కులు, ఉప్పు గోదాములు మేపడం ఏ మునిసిపాలిటీకీ గిట్టుబాటు కాదు. అలాంటి చోట తెలివైన పని ఒక్కటే: ముందు రోజే సెలవిచ్చి జనాన్ని ఇళ్లలో ఉంచేయడం.

ఇప్పుడు బఫెలో. అక్కడ ఏడాదికి సగటున 95 అంగుళాలు, అంటే దాదాపు 240 సెంటీమీటర్ల మంచు పడుతుంది. కారణం ఎరీ సరస్సు. నవంబరు, డిసెంబరులో సరస్సు నీళ్లు ఇంకా గాలి కంటే వెచ్చగానే ఉంటాయి. పైన కెనడా నుంచి మంచుగాలి ఆ పొడవునా వస్తూ ఆవిరిని ఎత్తుకుని, గట్టు దాటగానే కుమ్మరిస్తుంది. సరస్సు పూర్తిగా గడ్డకట్టాక ఈ గోల చాలావరకు తగ్గుతుంది. ఇందులో విచిత్రం ఏంటంటే ఆ మంచు మేఘం సన్నటి పట్టీలా ఉంటుంది. 2014 నవంబరులో ఊరికి దక్షిణాన అయిదడుగులు, కొన్నిచోట్ల ఏడడుగులు పడితే, ఉత్తరాన కొన్ని అంగుళాలే. ఇటు ఎండలో నిలబడి, అటు నేల నుంచి ఆకాశం దాకా గోడలా నిలబడ్డ తెల్లటి మేఘాన్ని చూడొచ్చు. ఆ గోడ రెండు మైళ్లు జరిగితే మా ప్లాన్ మొత్తం మార్చుకోవాలి. 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్క్ అనే చోట దాదాపు 80 అంగుళాలు పడింది. నాలుగైదు రోజులు ఇబ్బంది పడ్డారు, ఫుట్‌బాల్ మ్యాచ్‌ని డెట్రాయిట్‌కి మార్చారు, వారానికి మళ్లీ మామూలే.

ఎలా మామూలవుతుంది అంటే, పని మంచు పడకముందే మొదలవుతుంది. తుఫాను వస్తుందనగా రోడ్ల మీద ఉప్పునీళ్లు చల్లుతాం. 23 శాతం ఉప్పు కలిపిన నీళ్లు, ట్రక్కు వెనక వరస కొళాయిల్లోంచి పడతాయి. ఆరిపోయాక రోడ్డు మీద చాకుపీసుతో గీసినట్టు తెల్లటి చారలు కనపడతాయి. మీ అబ్బాయి ఆ చారలు చూస్తే చాలు, వెదర్ యాప్ చూడక్కర్లేదు, కూరగాయలు తెచ్చిపెట్టుకోవచ్చు. ఆ ఉప్పు వల్ల మంచు రోడ్డుకి అంటుకోదు, బ్లేడుతో తోస్తే పొరగా లేచి వస్తుంది. అంటుకున్నాక గీకడం నాలుగింతల పని.

ఉప్పుకీ హద్దుంది. రోడ్డు మైనస్ 9 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు ఉప్పు బద్ధకిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతాం, ఇంకా చలి ముదిరితే పట్టు కోసం ఇసకే చల్లుతాం. గంటకి రెండు మూడు అంగుళాలు పడుతుంటే ఏ ఉప్పూ పనిచేయదు, తోస్తూనే ఉండాలి. ఒక ట్రక్కు తన రూటు పూర్తిచేసి మొదటికొచ్చేసరికి మొదట తోసిన చోట మళ్లీ పాదం లోతు ఉంటుంది. ముందు హైవేలు, ఆసుపత్రి దారులు, బస్సు రూట్లు, ఆ తర్వాత కాలనీ వీధులు. "మా వీధికి ఇంకా రాలేదేం" అని ఫోన్ చేసేవాళ్లకి చెప్పేది ఇదే. రెండో రకం ఫోన్లు ఇంకా ఎక్కువ: "గంటసేపు ఎత్తిపోసి డ్రైవ్‌వే (ఇంటి ముందు కారు దారి) ఖాళీ చేసుకున్నాను, మీ ట్రక్కు వచ్చి మూతి దగ్గర మళ్లీ గట్టు పోసిపోయింది." నిజమే, పోస్తుంది. బ్లేడు మంచుని పక్కకి తోస్తుంది, పక్కన మీ డ్రైవ్‌వే ఉంది. మొదటి చలికాలంలో మనవాళ్లంతా దీనికి తిట్టుకుంటారు. రెండో ఏడాదికి, ట్రక్కు వెళ్లాకే పార పట్టుకోవాలని తెలుస్తుంది.

పార గురించి ఒక మాట. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే మీద అడుగు మందాన పొడి మంచు ఎత్తిపోశామంటే సుమారు టన్ను బరువు ఎత్తినట్టు. తడి మంచయితే దానికి రెండు మూడింతలు. చల్లగాలికి రక్తనాళాలు బిగుసుకుని ఉన్నప్పుడు ఈ బరువు పని చేస్తూ గుండెపోటుతో పోయేవాళ్లు ప్రతి చలికాలం ఉంటారు. మీరు రేపు కొడుకుని చూడ్డానికి వచ్చినప్పుడు "వాడికెందుకు శ్రమ, నేను చేస్తాలే" అని పార అందుకోకండి.

ఈ దేశంలో మంచు తీయడం రాజకీయం కూడా. 1979లో షికాగోలో మంచు సరిగ్గా తీయించలేదన్న కోపంతో జనం సొంత పార్టీ ఎన్నికలోనే మేయర్ బిలాండిక్‌ని ఓడించి జేన్ బర్న్‌ని గెలిపించారు. అప్పటి నుంచి ఉత్తరాది మేయర్లు మంచంటే జడుస్తారు. మా బడ్జెట్‌కి అది మంచిదే.

మరి ఇంత తయారుగా ఉన్న బఫెలోలో 2022 డిసెంబరులో ఎరీ కౌంటీ మొత్తం మీద 40 మందికి పైగా ఎందుకు చనిపోయారు? ఇది దాటవేస్తే మీకు నేను నిజం చెప్పినట్టు కాదు. నెల ముందు 80 అంగుళాలు తట్టుకున్న ప్రాంతమే అది. క్రిస్మస్ తుఫానులో తేడా గాలి. గంటకి 110 కిలోమీటర్లు దాటిన గాలి, ఒక్కసారిగా పడిపోయిన ఉష్ణోగ్రత, ఒకటిన్నర రోజు పాటు కళ్లముందు తెల్లటి తెర. అమెరికా వాతావరణ శాఖ బ్లిజార్డ్ అని ఊరికే అనదు: గాలి గంటకి 35 మైళ్లు, చూపు పావు మైలు లోపు, అదీ మూడు గంటలపాటు ఉంటేనే అంటుంది. ఇక్కడ అది 37 గంటలుంది. అంబులెన్సులు, ఫైరింజన్లు, చివరికి మంచు తోసే ట్రక్కులే ఇరుక్కున్నాయి. కొందరు కార్లలో, కొందరు నడిచి వెళ్తూ వీధిలో, కొందరు వేడి లేని సొంత ఇళ్లలో, కొందరు అంబులెన్సు రాక పోయారు. డ్రైవింగ్ నిషేధం శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి పెట్టారు, అప్పటికి చాలామంది డ్యూటీలకి బయల్దేరిపోయారు. ఆ ఆలస్యం మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి. నా అభిప్రాయం కూడా అదే: ముందురోజు రాత్రే మూసేయాల్సింది. మూస్తే వ్యాపారం పోయిందంటారు, మూయకపోతే ప్రాణాలు పోయాయంటారు. ఇందులో ఏ తిట్టు తినాలో అధికారి ముందే తేల్చుకుని ఉండాలి.

జపాన్ ఇదే పాఠం రెండేళ్ల ముందు నేర్చుకుంది. 2020 డిసెంబరులో టోక్యో నుంచి నీగాటా వెళ్లే కాన్-ఎత్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక పెద్ద లారీ మంచులో దిగబడింది. వెనక వాహనాలు నిలిచాయి, నిలిచినవాటి మీద మంచు పేరుకుంది, దాదాపు 2,100 వాహనాలు రెండు రోజులకు పైగా అక్కడే. సాధ్యమైనంత వరకు రోడ్డు తెరిచే ఉంచాలన్న పాత పద్ధతి అక్కడితో పోయింది. ఇప్పుడు భారీ మంచు సూచన ఉంటే రోడ్డు ఇంకా బాగున్నప్పుడే మూసేస్తారు, ఖాళీ రోడ్డు మీద మంచు తీసేసి తెరుస్తారు. ఖాళీ రోడ్డు శుభ్రం చేయడం కొన్ని గంటల పని. వాహనాలతో నిండిన రోడ్డు శుభ్రం చేయడం అయ్యే పనే కాదు.

ఈ పని జరగకపోతే ఏమవుతుందో పాకిస్తాన్‌లోని మర్రీలో 2022 జనవరిలో చూశాం. మంచు చూడ్డానికి వేల కార్లు కొండెక్కాయి, చెట్లు విరిగి దారి మూసుకుపోయింది, రాత్రి కార్లలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని, అద్దాలు మూసుకుని, వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోతే విషవాయువు కార్లోకే వస్తుంది. 2024 డిసెంబరులో మనాలి పైన సోలాంగ్, అటల్ టన్నెల్ మధ్య వందల టూరిస్టు కార్లు ఇరుక్కున్నప్పుడు నాకు వెంటనే మర్రీయే గుర్తొచ్చింది. పోలీసులు రాత్రంతా నిలబడి దింపారు కాబట్టి సరిపోయింది. హైదరాబాద్, విజయవాడల నుంచి మామూలు టైర్ల బండిని డ్రైవర్‌తో మాట్లాడుకుని మంచు చూసొద్దామని వెళ్లే మనవాళ్లు ఎందరో ఉన్నారు. హిమాచల్ పోలీసులు వెనక్కి పొమ్మంటే వాళ్లతో వాదించకండి.

జనం ఎలా బతుకుతారు అన్న మీ ప్రశ్నకి అందమైన జవాబు కావాలంటే జపాన్ పశ్చిమ తీరమే చూడాలి. సైబీరియా గాలి జపాన్ సముద్రం మీదుగా వస్తుంది, బఫెలోలో సరస్సు చేసే పనే ఇక్కడ సముద్రం చేస్తుంది, వెనక కొండలు అడ్డం నిలబడి మొత్తం కిందికి దింపించుకుంటాయి. అవొమోరి నగరంలో లక్షలమంది ఉంటారు, ఏడాదికి సగటున అయిదున్నర మీటర్లకి తగ్గకుండా పడుతుంది. దాని పక్క కొండల్లో సుకాయు అనే వేడినీటి బుగ్గల చోట 2013లో నేల మీద పేరుకున్న మంచు 566 సెంటీమీటర్లు.

నీగాటా వైపు నాగవోకా ఊళ్లో రోడ్డు మధ్యలో వరసగా చిన్న చిన్న ఇత్తడి ముక్కులు కనపడతాయి. మంచు పడటం మొదలైతే వాటిలోంచి భూగర్భజలం చిమ్ముతుంది. అడుగున నీళ్లు ఏడాది పొడుగునా పదమూడు డిగ్రీల చుట్టూ ఉంటాయి, అది చాలు మంచు కరగడానికి. ఉప్పు లేదు, ట్రక్కు లేదు. ఆ నీళ్లలో ఇనుము ఎక్కువ కాబట్టి రోడ్లన్నీ తుప్పు రంగులో ఉంటాయి, ఎండాకాలంలో వెళ్లినా ఆ మరకలు చూసి ఇది మంచు ఊరని పోల్చుకోవచ్చు. 1960ల మొదట్లో అక్కడే పుట్టిన పద్ధతి ఇది. నీళ్లు అతిగా తోడితే కొన్ని ఊళ్లలో నేలే కుంగింది, అందుకని ఇప్పుడు మంచు పడుతున్నప్పుడే తెరుచుకునేలా సెన్సర్లు పెట్టారు. కరీంనగర్‌లో బోర్లు వేసినట్టు వేసుకుంటూ పోతే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. అక్కడ ట్రాఫిక్ లైట్లు కూడా అడ్డంగా కాకుండా నిలువుగా ఉంటాయి, పైన మంచు ఎక్కువ నిలవకుండా. పాత వీధుల్లో ప్రతి ఇంటివాళ్లూ తమ చూరుని సొంత స్థలంలోంచే ముందుకి పొడిగించి, దాని కింద ఊరంతా నడిచే దారి వదిలారు. దాన్ని గాంగి అంటారు. ప్రభుత్వం కట్టింది కాదు. ఒక ఇంటివాడు వదలనంటే దారి అక్కడ తెగిపోతుంది. అయినా తరాలుగా వదులుతున్నారు.

అంత పద్ధతిగా ఉన్నా అక్కడా మనుషులు పోతారు. 2005-06 చలికాలంలో 152 మంది. ఎక్కువమంది పెద్దవాళ్లు, కప్పు మీద మంచు దించుతూ జారిపడినవాళ్లు. పిల్లలు టోక్యోకి వెళ్లిపోయారు, ఊళ్లో డెబ్భై ఏళ్ల ఆయన ఒక్కడే నిచ్చెన ఎక్కాలి. ఇంజనీరింగ్‌తో తీరే సమస్య కాదది.

కెనడాలోని మాంట్రియల్ పద్ధతి వేరు. అక్కడ మంచుని పక్కకి తోసి వదిలేయరు, మోసుకుపోతారు. సైరన్ మోగిందంటే వీధిలో కార్లు తీయాలి, తీయకపోతే లాక్కెళ్లి పక్క వీధిలో పెడతారు. వెనకే ఒక పెద్ద యంత్రం మంచుని పీల్చి పక్కన నడిచే లారీలోకి వెదజల్లుతూ వస్తుంది, లారీ నిండగానే ఇంకోటి ఆ స్థానంలోకి వస్తుంది, ఒక్క క్షణం ఆగదు. ఏటా కోటి ఘనమీటర్లకు పైగా ఇలా ఎత్తిపోస్తారు. ఒక పాత రాతి క్వారీలో పోసిన గుట్ట ఎండాకాలంలో కూడా కరగకుండా నల్లగా కనపడుతూ ఉంటుంది. ఆ ఊరున్న క్యూబెక్ రాష్ట్రమంతా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి, లేకపోతే జరిమానా. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కింద గట్టిపడి పట్టు కోల్పోతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా బ్రేకు వేసేటప్పుడు అది ఆదుకోదు. ఈ ఒక్క చట్టం న్యూయార్క్‌లో లేనందుకు నాకు కడుపుమంట.

అంత గట్టి ఊరిని కూడా 1998 జనవరిలో మంచు కాకుండా గడ్డకట్టే వాన పడగొట్టింది. తీగెల మీద ఐసు మణికట్టు లావున పేరుకుని, వెయ్యికి పైగా ఉక్కు టవర్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ కూలాయి. లక్షలమందికి వారాల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత, ఒక టవరు కూలితే వరస మొత్తం పోకుండా మధ్యమధ్య బలమైన టవర్లు పెట్టారు. వెదర్ యాప్‌లో "ఫ్రీజింగ్ రెయిన్" అని కనపడితే, రెండడుగుల మంచు అన్నదానికంటే దానికే ఎక్కువ జాగ్రత్తపడండి. ఇది డాలస్‌కీ వర్తిస్తుంది. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్ హైవే మీద వందకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నది ఇలాంటి, రోడ్డు రంగులో కలిసిపోయి కంటికి ఆనని ఐసు మీదే, ఆరుగురు పోయారు.

మన దేశంలో కశ్మీరు వాళ్ల పద్ధతి యంత్రాలది కాదు, ఇంటి తయారీది. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలి, చిల్లై కలాన్, ఆ తర్వాత ఇరవై రోజుల చిల్లై ఖుర్ద్, పది రోజుల చిల్లై బచ్చా. వేసవిలోనే సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు చేసి ఎండబెట్టుకుంటారు, మన ఒరుగుల్లాగే. ఫెరన్ అనే పొడుగాటి అంగీ లోపల బెత్తపు బుట్టలో పెట్టిన నిప్పుల కుంపటి, కాంగ్రీ, పట్టుకుని తిరుగుతారు. లద్దాఖ్ వెళ్లే జోజిలా కనుమ ఒకప్పుడు అయిదారు నెలలు మూసి ఉండేది. బార్డర్ రోడ్స్ వాళ్లు 2025లో దాన్ని 32 రోజులకే తెరిచారు. దాని కింద తవ్వుతున్న పదమూడు కిలోమీటర్ల టన్నెల్ పని మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది. 2020లో అటల్ టన్నెల్ వచ్చాక మనాలికి అవతలున్న లాహౌల్ లోయకి ఏం జరిగిందో నేను చూశాను. అంతకుముందు అక్టోబరులోనే ఆరు నెలల బియ్యం, కిరోసిన్, మందులు కొట్లలోకి ఎక్కేవి, నిండు గర్భిణులను ముందే మనాలికి దింపేవాళ్లు. ఇప్పుడు జనవరిలో కూడా కులూ ఆసుపత్రికి వెళ్లొస్తున్నారు.

ఇక మీ అబ్బాయి సంగతి. బఫెలో అయితే ఇల్లు చూసేటప్పుడు అద్దెలో హీటింగ్ కలిసి ఉందా లేదా అడగమనండి. అక్కడి పాత చెక్క ఇళ్లలో అద్దె తక్కువని చేరి, జనవరిలో గ్యాస్ బిల్లు చూసి కంగుతిన్న పిల్లలు చాలామంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూసుకోమనండి. మొదటి ఏడాది కారు వద్దు, క్యాంపస్ బస్సు దారిలో ఉంటే చాలు. తర్వాత సెకండ్‌హ్యాండ్ కారు కొంటే కింద పడుకుని టార్చి వేసి చూడాలి, ఈ ఉప్పుకి అడుగుభాగం తుప్పు పట్టి ఉంటుంది. కార్లో దుప్పటి, చిన్న పార, ఫోన్ ఛార్జరు ఉండాలి. ఇరుక్కుంటే కారు వదిలి నడవకూడదు. గంటకి పది నిమిషాలు ఇంజిన్ వేసుకోవచ్చు, వేసేముందు ప్రతిసారీ దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి. డ్రైవింగ్ నిషేధం అని ఫోన్‌కి వస్తే పార్ట్‌టైమ్ మేనేజరు రమ్మన్నా వెళ్లకూడదు. ఇది గట్టిగా చెప్పండి, మన పిల్లలు మొహమాటపడతారు.

డాలస్ అయితే చేరిన రోజే నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో కనుక్కోవాలి, అపార్ట్‌మెంట్ అయితే ఆఫీసులో అడగాలి. సున్నాకి కిందికి పోతుందంటే బయటి గోడ వైపున్న కొళాయిలు సన్నటి ధారగా వదలాలి, సింకు కింద తలుపులు తెరిచి పెట్టాలి, బకెట్లు నింపుకోవాలి. కరెంటు పోతే ఒక్క గదిలో అందరూ చేరడం మంచిది. బొగ్గులు, క్యాంపింగ్ స్టవ్ లోపల ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పచ్చళ్లు, పొడులు ఎలాగూ సూట్‌కేసులో సగం ఉంటాయి కాబట్టి తిండికి ఢోకా లేదు.

జాకెట్లు, బూట్లు ఇండియాలో కొనకండి. హైదరాబాద్‌లో దొరికేవి మహా అయితే ఢిల్లీ చలికి ఆగుతాయి, పైగా లగేజీ బరువు. లోపల వేసుకునే థర్మల్స్ రెండు మూడు జతలు, ఉన్ని సాక్సులు, ఒక మంకీ క్యాప్ పంపండి. క్యాప్ చూసి నవ్వుతారని వాడు పెట్టుకోనంటాడు, జనవరిలో వాడే వెతుక్కుంటాడు. గాలి ఆపే జాకెట్, నీళ్లు దిగని బూట్లు ఇక్కడికొచ్చాక సీనియర్లతో వెళ్లి కొనుక్కోవాలి. జాకెట్ తుంటి కిందికి రావాలి, బూటు లోపల సాక్సు వేసుకున్నా వేళ్లు కదలాలి. ఆగస్టులో వచ్చిన వెంటనే కొనక్కర్లేదు, అక్టోబరు చివరికి కొంటే సరిపోతుంది.